తీరం మీది పడవతో మొదలుపెట్టండి: ఓడల మోడల్స్, సముద్ర చిత్రాలు

మీరు విజయనగరం నుంచి అడిగింది ఇదీ: చిన్నప్పటి నుంచి ఓడలంటే ఇష్టం, ఇప్పుడు ఉద్యోగంలో కుదురుకున్నాక స్కేల్ మోడల్స్ చేయాలనుంది, సముద్రం బొమ్మలు వేయాలనీ ఉంది. రెండింటిలో ఏది ముందు పట్టుకోవాలి? మొదటి కిట్‌గా (ముక్కలు అతికించి చేసుకునే పెట్టె) 1:350, అంటే అసలు ఓడలో 350వ వంతు ఉండే టైటానిక్ కొనొచ్చా? మన దగ్గర హాబీ షాపు లేదు కదా, సామాను ఎక్కడ దొరుకుతుంది? నేను శ్రీకాకుళంలో ఉంటూ చాలా ఏళ్ళుగా ఈ రెండు పనులూ చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి, ఒకే పడవతో. ఆ పడవ మీరు చేత్తో తాకి, చుట్టూ తిరిగి, టేపు పెట్టి కొలవగలిగేది అయి ఉండాలి. పూసపాటిరేగ మండలం చింతపల్లిలోనో, కోనాడలోనో, ఇటు మా కళింగపట్నంలోనో ఇసుక మీదకి లాగిపెట్టిన ఫైబర్ బోటు చాలు. దాన్ని 1:20 స్కేల్లో, అంటే అసలు పడవలో ఇరవయ్యో వంతుగా చేయండి. ఆ మోడల్‌నే ఎదురుగా పెట్టుకుని, సముద్రంలో ఉన్నట్టుగా బొమ్మ వేయండి. టైటానిక్ సంగతి తర్వాత చూద్దాం.

టైటానిక్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. అసలు ఓడ పొడవు 269 మీటర్లు. 1:350లో మోడల్ దాదాపు 77 సెంటీమీటర్లు వస్తుంది. అంత పెద్దది పెట్టడానికి చోటు, వందల కొద్దీ చిన్న ముక్కలు విరగ్గొట్టకుండా అతికించే చెయ్యి, కిటికీల వరుసలకి రంగు వేసే ఓపిక, అన్నీ ఒకేసారి కావాలి. అదొక్కటే అయితే ఓపిక పట్టొచ్చు. ఆ కిట్‌లో ఆలోచించాల్సినదంతా కంపెనీ వాళ్ళే ఆలోచించేసి ఉంటారు. ముందు భాగం అంత సన్నగా ఎందుకుంది, వెనక అలా ఎందుకు గుండ్రంగా తిరిగింది అన్న ప్రశ్న మీకు రాదు, అతికించుకుంటూ పోతారు. ఆ ప్రశ్న రాకపోతే బొమ్మ వేసేటప్పుడు ఓడ నీటిలో కూర్చోదు, నీటి మీద అట్టముక్క పెట్టినట్టుంటుంది. కిట్‌లు చెడ్డవని కాదు. జపాన్‌లో తమియా, హసెగావా, అయోషిమా, ఫుజిమి కంపెనీలు కలిసి 1971లో 1:700 వాటర్‌లైన్ సిరీస్ (ఓడలో నీటి మట్టానికి పైభాగమే ఉండే కిట్‌లు) మొదలుపెట్టాక ఎంతోమంది ఈ హాబీలోకి వచ్చారు. నేనూ ఆ కిట్‌లు ఇష్టంగా చేస్తాను. కానీ మొదటి అడుగుకి తీరం మన పక్కనే ఉంది, దాన్ని వాడుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే వేట నిషేధం రోజుల్లో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు పడవలు వేటకి వెళ్ళవు. పడవలన్నీ ఒడ్డున ఉంటాయి, మరమ్మతులు, రంగులు వేసుకోవడం అప్పుడే. మత్స్యకారులకి ఆదాయం లేని కాలం అది, వాళ్ళ ఇబ్బంది వాళ్ళకి ఉంటుంది, మనం వెళ్ళి టేపు పెడితే విసుక్కోవచ్చు కూడా. ముందు యజమానిని అడగండి. ఎందుకు కొలుస్తున్నారో చెప్పండి, ఫోన్లో ఏదైనా మోడల్ ఫొటో చూపించండి. పడవని గంగమ్మలా చూసుకునే మనుషులు వాళ్ళు, చెప్పులు వేసుకుని ఎక్కకండి. రెండోసారి వెళ్ళేటప్పుడు మీరు గీసిన బొమ్మ తీసుకెళ్ళి ఇస్తే మూడోసారి వాళ్ళే పిలిచి చూపిస్తారు. వేటకి వెళ్ళే పడవలో ఏ వస్తువు ఎక్కడ పెడతారో, అణియం (పడవ ముందు భాగం) వైపు ఎవరు నిలబడతారో, అమరం (వెనక భాగం) దగ్గర ఇంజిన్ ఎలా దించుతారో ఏ ప్లాన్‌లోనూ ఉండదు. వాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

కొలతలు తీయడం ఈ హాబీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఇసుక మీద పడవ ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, కాబట్టి నేల నుంచి కొలతలు తీస్తే అన్నీ తప్పుతాయి. పడవనే ఆధారం చేసుకోవాలి. అణియం కొన నుంచి అమరం దాకా నడిమధ్యన ఒక పురికొస బిగించి కట్టండి. ఆ తాడు మీద ప్రతి మీటరుకీ ఒక గుర్తు పెట్టండి. తొమ్మిది మీటర్ల పడవైతే ఆ గుర్తుల దగ్గర, రెండు కొసల దగ్గర కలిపి పది చోట్ల కొలతలు వస్తాయి. ఒక్కో గుర్తు దగ్గర పడవ అంచు మీద అడ్డంగా తిన్నని కర్ర పెట్టి వెడల్పు రాసుకోండి. కర్ర నుంచి లోపలికి లోతు రాసుకోండి. తర్వాత బయటి వంపు. అడ్డకర్రకి నిటారుగా, పడవ అంచుకి తగిలేలా ఇంకో కర్ర కిందికి పట్టుకుని, దాని మీద ప్రతి పది సెంటీమీటర్లకీ ఆ కర్రకీ పడవ ఒంటికీ మధ్య ఎంత దూరం ఉందో స్కేలుతో చూసి రాసుకుంటూ దిగండి. పక్కన ఇంకొకరు ఉంటే పని త్వరగా అవుతుంది. ఇంటికొచ్చి గ్రాఫ్ కాగితం మీద ఆ చుక్కలు కలిపితే పడవ అడ్డకోతలన్నీ వచ్చేస్తాయి. పెద్ద ఓడల ప్లాన్‌లలో మూడు బొమ్మలు కనిపిస్తాయి చూడండి, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, ఎదురు నుంచి అడ్డకోతలు ఒకటి, అవి గీసే పద్ధతికి మూలం ఇదే. ఒక్కసారి చేత్తో చేశాక ఏ ఓడ ప్లాన్ అయినా చదవగలుగుతారు.

1:20 అంటే పడవ మీది ఒక సెంటీమీటరు మోడల్ మీద అర మిల్లీమీటరు. తొమ్మిది మీటర్ల పడవ 45 సెంటీమీటర్లు అవుతుంది, టీవీ పక్కన బల్ల మీద పడుతుంది. మనిషి బొమ్మ ఎనిమిది సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ. ఇంకా చిన్న స్కేలు తీసుకుంటే పడవలోని సామాను చేయడం కష్టం, పెద్దది తీసుకుంటే చోటు చాలదు. ఈ స్కేల్లో ఇంకో సుఖం ఉంది: పాత దోమతెర కన్ను మిల్లీమీటరున్నర దాకా ఉంటుంది, ఇరవైతో గుణిస్తే మూడు సెంటీమీటర్లు. అంటే నిజమైన వల కన్నుకి సరిపోతుంది. టీ డికాషన్‌లోనో పలచని రంగులోనో ముంచి, ఆరాక కుప్పగా మడిచి పడవలో వేస్తే అచ్చం వలే. వల తేలడానికి కట్టే బిళ్ళలకి తెల్ల పూసలు, తాళ్ళకి కుట్టుదారం.

పడవ ఒళ్ళు చేయడానికి మొదటిసారి పొరల పద్ధతి వాడండి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో ఒక్కో ఎత్తు దగ్గర పడవ ఎంత వెడల్పుందో ఆ ఆకారంలో కోసి, ఒకదాని మీద ఒకటి ఫెవికాల్‌తో అతికించి, మెట్లలా కనిపించే అంచుల్ని ఆకురాయితో, గరుకు కాగితంతో అరగదీయడం. లోపలి భాగం కూడా ముందే కోసుకుంటే తొలచాల్సిన పని తగ్గుతుంది. అడ్డకోతల బొమ్మలు అట్టముక్క మీద కోసి పెట్టుకుని, ప్రతి గుర్తు దగ్గరా ఒంటికి ఆనించి చూసుకుంటూ అరగదీయండి. వెలుతురు కనిపించిన చోట ఇంకా సరిపడలేదని, అట్ట కదలకుండా కూర్చుందంటే ఆ చోటు అయిపోయిందని అర్థం. ఇక్కడ తొందరపడకండి. ఒంటి ఆకారం కుదిరితే మిగతా లోపాలు కంటికి ఆనవు.

ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసిన పలక) వాడొద్దు. మన తీరం తేమకి ఉబ్బుతుంది, అంచులు పీచులు లేస్తాయి. ఏ చెక్క వాడినా లోపలా బయటా రెండు పక్కలా ప్రైమరు వేయండి. ఒక్క పక్కే వేస్తే రెండో పక్క తేమ పీల్చుకుని వంగిపోతుంది. వానాకాలంలో ఫెవిక్విక్ వాడితే అతుకు చుట్టూ పొగలాంటి తెల్లటి మరక పడుతుంది. ఎన్‌సీ లక్కరు (చెక్క మీద కొట్టే నైట్రోసెల్యులోజ్ వార్నిష్) కూడా తేమ గాలిలో ఆరితే తెల్లబారుతుంది. అందుకే జులై నుంచి చెక్కపని, ఫెవికాల్ అతుకుల పని పెట్టుకుని, స్ప్రే పనులు ఎండ కాసే రోజులకి వాయిదా వేసుకుంటాను.

సామాను గురించి అడిగారు. హాబీ షాపు లేకపోవడం మనకి పెద్ద లోటు కాదు, ఎందుకంటే చెక్క, నూలు, వెదురు మనవైపు మంచివి దొరుకుతాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కే పనస కర్ర మోడల్స్‌కి చాలా మంచిది. చెక్కడానికి అనువుగా ఉంటుంది, చెద త్వరగా పట్టదు, కాలం గడిచేకొద్దీ పసుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది. సామిల్లులో అడిగితే తుక్కుముక్కలే మనకి ఏడాది పనికి చాలు. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర నార కనిపించనంత సన్నం, కప్పీలు, స్తంభాలు లాంటి చిన్న గుండ్రటి వస్తువులకి దాన్ని మించింది లేదు. టేకు మాత్రం అసలు పడవకే బాగుంటుంది. దాని నార పెద్దది, చిన్న స్కేల్లో గీతలు గీతలుగా కనిపించి కంటికి అడ్డొస్తుంది. తెరచాప కొయ్యకి కొబ్బరి ఈనె వాడి చూడండి, పైకి వెళ్ళేకొద్దీ అదే సన్నబడుతుంది. తెడ్లకి, మేకులకి వెదురు. పనిముట్ల జాబితా అడిగితే: మంచి కట్టర్, బ్లేడ్లు, స్టీలు స్కేలు, చిన్న ఆకురాళ్ళు, పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్), పట్టకారు, బట్టల క్లిప్పులు. రంగు చిమ్మే ఎయిర్ బ్రష్, దానికి గాలినిచ్చే కంప్రెసరు మొదటి రెండు మూడు మోడల్స్‌కి అక్కర్లేదు.

తెరచాప ఉన్న పడవ చేసే రోజు వస్తే పొందూరు గుర్తుంచుకోండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, ఆ పళ్ళు అంత సన్నంగా, వరుసగా ఉంటాయి మరి. అలా ఏకిన పత్తితో వడికిన నూరో నంబరు (చాలా సన్నని) నూలు బట్ట తెరచాపకి బాగా నప్పుతుంది. చేప పళ్ళు తాకిన నూలుతో చేపల పడవకి చాప కట్టడం నాకైతే గొప్ప సంతోషం. కానీ ఎంత సన్నని బట్టైనా స్కేలుకి లావే. అసలు చాప బట్ట మందం మిల్లీమీటరు అనుకుంటే 1:20లో అది ఇరవయ్యో వంతు, అంత పలచటి నూలు బట్ట దొరకడం కష్టం. అందుకే విప్పిన చాపకి ఒక్క పొరే వాడి కుట్లు తగ్గించాలి. చుట్టి కట్టిన చాపకైతే అసలు కొలతలో సగం బట్టే తీసుకోవాలి. లేకపోతే కొయ్యకి పరుపు చుట్టినట్టు కనిపిస్తుంది.

ఇంకో మాట. తీరంలో ఎక్కడైనా దుంగలు కట్టిన పాత తెప్ప కనిపిస్తే, మిగతా పనులన్నీ ఆపి దాన్ని కొలిచేయండి. ఫైబర్ బోట్లు వచ్చాక తెప్పలు తగ్గిపోయాయి, వచ్చే ఏడాదికి అది పొయ్యిలోకి పోయి ఉండొచ్చు. కొబ్బరి తాడుతో పలకలు కుట్టి చేసే మసూలా పడవల సంగతీ అంతే. వాటిలో ఇనుప మేకు ఉండేది కాదు, లోపల పక్కటెముకల్లాంటి చట్రమూ ఉండేది కాదు. కెరటం కొట్టినప్పుడు ఒళ్ళు వంగి మళ్ళీ లేచేది. మేకులు కొట్టి బిగించిన పడవ మన ఒడ్డు కెరటాల్లో ఇసుకకి తగిలి పగిలిపోతుంది. కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడ ఒడ్డుకి రాలేక దూరంగా లంగరు వేసుకుంటే, సరుకునీ మనుషుల్నీ చేరవేసింది ఇలాంటి పడవలే. ఇక్కడి నుంచి రంగూన్ వెళ్ళిన కుటుంబాల కథలు మీ ఇళ్ళల్లోనూ ఉంటాయి, ఆ ప్రయాణానికి మొదటి అడుగు ఇలాంటి పడవలో పడింది. 1:20లో కుట్టు పడవ చేయడానికి అర మిల్లీమీటరు పైబడిన బెజ్జాలు వందల్లో వేయాలి, అతుకు మీద నార పరిచి దాని మీంచి కుట్టాలి. చెయ్యి తిరిగాక తప్పకుండా చేయండి, మన జిల్లాల మోడలర్లు చేయాల్సిన పని అది.

ఊహించి చేసిన ‘ప్రాచీన కళింగ నౌక’ని స్కేల్ మోడల్ అని పిలవడం మాత్రం నేను ఒప్పుకోను. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలం నాటివి అందరికీ తెలిసినవే. పాత బౌద్ధ క్షేత్రం శాలిహుండం కొండ ఎక్కితే వంశధార సముద్రంలో కలిసే వైపంతా కనిపిస్తుంది, అక్కడ నిలబడితే ఎవరికైనా ఓడలు గుర్తొస్తాయి. కానీ నాణెం మీది బొమ్మ నుంచి పొడవు, వెడల్పు, లోతు రావు. ఇష్టమైతే చేయండి, పేరు పలక మీద ‘ఊహా నమూనా’ అని రాయండి. దాన్ని బొమ్మగా వేస్తే ఇంకా బాగుంటుంది, రంగుల్లో ఊహకి చోటుంటుంది.

మోడల్‌కి రంగు వేయడంలో ఒక్క విషయం మర్చిపోకండి. పడవ మీద వాడిన అసలు పెయింటే తెచ్చి మోడల్‌కి వేస్తే ముదురుగా, బొమ్మలా కనిపిస్తుంది. 45 సెంటీమీటర్ల మోడల్‌ని మనం బల్ల పక్కన నిలబడి చూసేది, అసలు పడవని ఇరవై ముప్పై మీటర్ల దూరం నుంచి చూసినట్టే. అంత దూరంలో మధ్యనున్న గాలి, వెలుతురు రంగుని కొంచెం పలచన చేస్తాయి. కాబట్టి ప్రతి రంగులోనూ కాస్త తెలుపో బూడిదరంగో కలపండి, నలుపు చోట ముదురు బూడిద వాడండి, మెరుపు వార్నిష్ మానేసి సగం మెరుపుది వేయండి. ఉప్పునీటి మరకలు, తాడు రాసుకుని రంగు పోయిన అంచులు, ఇంజిన్ దగ్గర నూనె మరక, ఇవి మీరు తీసిన ఫొటోలు చూసి ఉన్న చోటే పెట్టండి.

ఇక చిత్రలేఖనం. మోడల్ ఉన్నవాళ్ళకి ఇక్కడ పెద్ద లాభం ఉంది. హాలండ్‌కి చెందిన విలెమ్ వాన్ డ వెల్డ అనే చిత్రకారులు, తండ్రీకొడుకులు (ఇద్దరి పేరూ ఒకటే) 1672–73 చలికాలంలో ఇంగ్లండ్ చేరారు. రెండో చార్లెస్ రాజు ఇద్దరికీ ఏడాదికి చెరో 100 పౌన్లు జీతం ఇచ్చాడు: తండ్రికి సముద్ర యుద్ధాల రేఖాచిత్రాలు గీయడానికి, కొడుక్కి వాటికి రంగులు వేయడానికి. తండ్రి చిన్న పడవలో నౌకాదళం వెంట వెళ్ళి, యుద్ధం జరుగుతుంటే గీసుకునేవాడు. ముందు కొలత, తర్వాత రంగు, ఆ క్రమమే ఇప్పటికీ సముద్ర చిత్రాలకి పునాది. సముద్ర చిత్రాలకి పేరుపడ్డ ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ అంతటివాడి దగ్గర కూడా ఓడల మోడల్స్ ఉండేవి.

కొత్తగా వేసేవాళ్ళ బొమ్మల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం దిగంతం. నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. ఒడ్డున ఇసుక దిబ్బ మీద నిలబడితే మీ కన్ను సముద్రమట్టానికి మూడు మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. అప్పుడు దగ్గరున్న పడవైనా దూరంగా ఉన్న ఓడైనా, ఆ గీత దాన్ని నీటి నుంచి మూడు మీటర్ల ఎత్తు దగ్గరే కోస్తుంది. చిన్న పడవ మొత్తం గీత కిందే ఉంటుంది, అందులో నిలబడ్డ మనిషి తల మాత్రం గీత దగ్గరికి వస్తుంది. పెద్ద ఓడ ఒళ్ళు గీత దాటి పైకి లేస్తుంది. ఈ లెక్క తప్పితే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగంతం ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, 25 మీటర్ల ఎత్తు ఎక్కితే 18 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. దిగంతం అవతలున్న ఓడకి అడుగు కనిపించదు, పైభాగమే కనిపిస్తుంది.

ఇదే లెక్క మోడల్‌కి వర్తింపజేయండి. 1:20లో మూడు మీటర్లంటే 15 సెంటీమీటర్లు. మోడల్‌ని నీటిలో ఉన్నంత మేర ఇసుకలోనో రంపపు పొట్టులోనో ముంచి, ఫోన్ కెమెరా కన్నుని ఆ ఇసుక మట్టానికి 15 సెంటీమీటర్ల ఎత్తులో, మోడల్‌కి మీటరున్నర దూరంలో పెట్టి ఫొటో తీయండి. అది ముప్పై మీటర్ల దూరం నుంచి ఒడ్డున నిలబడి చూసిన పడవ. గదిలో మిగతా లైట్లు ఆపి ఒక్క బల్బే సూర్యుడున్న వైపు పెట్టండి. పడవని అటూ ఇటూ ఒరిగించి చూడండి, కెరటం ఎక్కేటప్పుడు అణియం పైకి లేచినప్పుడు అడుగు ఎంత కనిపిస్తుందో, నీడ ఎక్కడ పడుతుందో మీకు తెలిసిపోతుంది. నిజం పడవ మీ కోసం అలా ఆగదు కదా.

వెలుతురు గురించి మన తీరానికి ప్రత్యేకమైన సంగతి ఉంది. మన ఒడ్డు ఆగ్నేయం వైపు తిరిగి ఉంది. పొద్దున్న సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పడవలు నల్లటి ఆకారాలు, నీటి మీద వెండి దారి, రంగులు దాదాపు లేవు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు మన వీపు వెనకకి వస్తాడు, అప్పుడు నీలం, పచ్చ, పడవల రంగులు పూర్తిగా కనిపిస్తాయి. పొద్దుటి బొమ్మలో ఎరుపు, నీలం పడవలు పెట్టి వెనకాల ఉదయిస్తున్న సూర్యుణ్ణి వేస్తే రెండూ పొసగవు. ఏ పూట వేస్తున్నారో ముందే తేల్చుకోండి.

నీటి రంగు కూడా ఒకటి కాదు. కాళ్ళ దగ్గరి నీటిలోకి మన చూపు నిటారుగా దిగుతుంది కాబట్టి ఇసుకరంగు, పచ్చదనం కనిపిస్తాయి. దూరం వెళ్ళేకొద్దీ చూపు ఏటవాలై ఆకాశం ప్రతిఫలనమే మిగులుతుంది. అయినా దిగంతం దగ్గర సముద్రం ఆకాశం కంటే సాధారణంగా ఒక ఛాయ ముదురుగా ఉంటుంది, ఎందుకంటే మనవైపు తిరిగిన అలల ముఖాలు నెత్తిమీది ముదురు ఆకాశాన్ని చూపిస్తాయి. వానల్లో వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఎర్రమట్టి నీళ్ళు సముద్రంలోకి చాలా దూరం వెళ్తాయి, ఆ మట్టిరంగుకీ అవతలి పచ్చకీ మధ్య గీత స్పష్టంగా ఉంటుంది. ఆ ఒక్క గీత పెడితే చాలు, చూసినవాళ్ళు ఇది మన కళింగపట్నం అంటారు. నురగకి అచ్చమైన తెలుపు ఎండ తగిలిన కొనలకే ఉంచుకోండి, నీడలోని నురగ నీలిబూడిదరంగు. వాటర్ కలర్‌తో మొదలుపెట్టండి, 300 జీఎస్ఎం (మందపాటి) కాగితం, ఆరేడు రంగులు చాలు: అల్ట్రామెరైన్, కోబాల్ట్, విరిడియన్, రా సియెన్నా, బర్న్ట్ సియెన్నా, పేన్స్ గ్రే. గాలి ఎటు వీస్తే జెండా, పొగ, తెరచాప, అలల నురగ అన్నీ అటే చెప్పాలి. బొమ్మ పూర్తయ్యాక ఈ నాలుగూ ఒకసారి సరిచూసుకోండి.

ఓడ పరిగెత్తేటప్పుడు వెనక పరుచుకునే అలల త్రికోణం మోడల్‌కీ బొమ్మకీ రెండింటికీ పనికొచ్చేది. లోతైన నీటిలో ఆ త్రికోణం అంచు ఓడ దారికి ఒక్కో పక్క సుమారు 19.5 డిగ్రీల్లో ఉంటుంది, సాధారణ వేగాల్లో పడవైనా పెద్ద ఓడైనా అంతే. వేగంతో మారేది అలల మధ్య దూరం. 20 నాట్ల (గంటకి 37 కిలోమీటర్ల) వేగంలో ఆ దూరం 68 మీటర్ల దాకా వస్తుంది, 1:700 మోడల్‌కి సముద్రం చేస్తే అది పది సెంటీమీటర్లకి దగ్గర. చాలామంది రెండు సెంటీమీటర్లకో అల పెట్టి, దాన్ని సెంటీమీటరు ఎత్తు లేపుతారు. 1:700లో సెంటీమీటరంటే ఏడు మీటర్ల అల, అది తుపాను.

తర్వాతి మెట్టు ఏమిటంటే విశాఖ వెళ్ళండి. ఆర్.కె. బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది కదా, 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి 2002లో మ్యూజియం అయింది. నీటిలో ఉన్న ఓడకి అడుగు భాగం మనకెప్పుడూ కనిపించదు, ఇక్కడ మొత్తం ఒడ్డున ఉంది. వెనక మూడు ప్రొపెల్లర్లు, పక్కల నీళ్ళు వెళ్ళే బెజ్జాల వరుసలు, ముక్కు ఆకారం, అన్నీ బయటి నుంచే గీసుకోవచ్చు. పొడవు 91.3 మీటర్లు, 1:200లో 45.6 సెంటీమీటర్లు, అంటే మీ ఫైబర్ బోటు పట్టిన చోటే చాలు. ఆకారం నున్నగా ఉంటుంది కాబట్టి పొరల పద్ధతికి అనుకూలం. ఆ తర్వాత ఎప్పుడైనా జలఉష. స్వతంత్ర భారతదేశంలో కట్టిన మొదటి ఓడ, 1948 మార్చి 14న విశాఖ సింధియా షిప్‌యార్డులో నెహ్రూ జలప్రవేశం చేయించిన ఓడ అది. ఆవిరి సరుకుల ఓడలు బొమ్మల్లో ఎంత అందంగా ఉంటాయో వేసి చూస్తే తెలుస్తుంది. ఇవి చేశాక టైటానిక్ కిట్ తెప్పించుకోండి, అప్పుడు దాన్ని మీరే సరిదిద్దుకుంటూ చేస్తారు.

చివరగా గాజు పెట్టె. ఉప్పుగాలి, దుమ్ము వల్ల బయట పెట్టిన మోడల్ మనవైపు నిలవదు, పెట్టె తప్పనిసరి. గాజు షాపు వాళ్ళు అతకడానికి మామూలుగా వాడే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆవిరి, కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆవిరి కూడా, మూసిన పెట్టెలో సీసంతో చేసిన లంగర్లు, ఫిరంగులు లాంటి వాటిని తెల్లటి పొడిగా తినేస్తుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి వాడించండి, సీసం ముక్కల బదులు ఇత్తడివో ప్లాస్టిక్‌వో పెట్టండి, పెట్టె వెనక కింద రెండు చిన్న గాలి బెజ్జాలు ఉంచి వాటికి సన్నని బట్ట అతికించండి. వాటర్ కలర్ బొమ్మ ఫ్రేము కట్టించేటప్పుడు కాగితం గాజుకి తగలకుండా మధ్యలో మౌంటు (అట్ట చట్రం) వేయించండి, తగిలితే వానాకాలంలో బూజు పడుతుంది. పడవ కొలతలు తీశాక ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, పొరలు ఎక్కడెక్కడ కోయాలో ఆ బొమ్మ మీదే గుర్తు పెట్టి పంపిస్తాను.